పటాలు, చార్టులు, పరిశోధన: చెన్నైలోని తెలుగు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో చరిత్ర, సాహిత్యం, భాషాశాస్త్రం, సామాజిక శాస్త్రం చదువుతున్న తెలుగు విద్యార్థులతో కొన్నేళ్ళుగా ఆదివారాలు కూర్చుంటున్నాను. పగలంతా ఎగ్మూరు ఆర్కైవ్స్‌లో నోట్సు రాసుకుని, సాయంత్రం వచ్చి "దీన్ని మ్యాప్ మీద పెట్టాలంటే ఎలా?" అని అడిగేవాళ్ళే ఎక్కువ. మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట ఉంటే బాగుంటుందని ఇవి రాశాను.

నాది తెలుగు సాహిత్యం. పటాలతో, చార్టులతో నాకేం పని?

మద్రాసులో అచ్చయిన పాత తెలుగు పుస్తకం ఒకటి తీసి ముఖపత్రం చూడండి. రచయిత పేరు, అచ్చు వేయించినవారి పేరు, ముద్రాక్షరశాల, వీధి, సంవత్సరం, వెల అన్నీ అక్కడే ఉంటాయి. ఒక్క పుస్తకంలో అవి ఒట్టి వివరాలు. మూడు వందల ముఖపత్రాలు వరసగా రాసుకుంటే మాత్రం ఏ వీధుల్లో తెలుగు అచ్చు ఎక్కువగా జరిగింది, ఎప్పుడు పెరిగింది, ఒక ముద్రాపకుడు ఎవరెవరి పుస్తకాలు వేశాడు అన్నది కంటికి కనబడటం మొదలవుతుంది. వావిళ్ళ వారు ఈ ఊళ్ళోనే తరాల పాటు పుస్తకాలు వేశారు. బొంబాయిలో పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో ఇక్కడికే వచ్చి దినపత్రిక అయింది. ఎందుకు ఇక్కడ, ఎందుకు ఆ వీధుల్లోనే? ఈ ప్రశ్న పుస్తకాలను ఒక్కొక్కటిగా చదివినప్పుడు నాకు రాలేదు. జార్జిటౌన్ పటం మీద చుక్కలు పెట్టుకున్నాకే వచ్చింది.

ముందు పటం వేసుకుని, తర్వాత అందులో ఏముందో చూడవచ్చా?

చూడవచ్చు, కానీ ఏదో ఒక ప్రశ్న లేకుండా మొదలుపెడితే నెలలు గడిచిపోతాయి. అందరూ చెప్పే ఉదాహరణ లండన్ వైద్యుడు జాన్ స్నోది. 1854లో లండన్ సోహోలో కలరా వచ్చినప్పుడు ఆయన మరణాలను పటం మీద గీశాడు, బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టూ అవి గుమిగూడి కనిపించాయి. పటం చూశాకే ఆయనకు విషయం తెలిసిందని చాలామంది అనుకుంటారు. కలరా నీళ్ళ వల్ల వస్తుందని స్నో 1849లోనే రాశాడు. పటం ఆ వాదనకు పరీక్ష. ఆయన పనిలో నాకు అన్నిటికన్నా నచ్చేది పంపు పక్కనే ఉండి కూడా జబ్బు పడనివాళ్ళ గురించి వాకబు చేయడం. దగ్గర్లోని బీరు తయారీశాల కూలీలు బీరే తాగేవారు, పేదల వసతి గృహానికి సొంత బావి ఉంది. పటంలో ఖాళీగా ఉన్న చోట్ల గురించి కూడా అడగాలని నేర్చుకున్నది అక్కడే.

టేబుల్ ఎలా తయారు చేసుకోవాలి?

అసలు పనంతా ఇక్కడే ఉంది. ఇది సరిగ్గా ఉంటే పటం ఒక మధ్యాహ్నంలో అయిపోతుంది. ఇది తప్పితే ఏ సాఫ్ట్‌వేరూ కాపాడలేదు.

ఒక వరసకు ఒకే సంగతి. "జార్జిటౌన్, తర్వాత ట్రిప్లికేన్" అని ఒకే గడిలో రాయకండి. అది రెండు వరసలు. మూలంలో ఉన్నది ఉన్నట్టు రాయడానికి ఒక కాలమ్, మీరు అర్థం చేసుకున్నది రాయడానికి ఇంకో కాలమ్ పెట్టుకోండి. ముఖపత్రం మీద "చెన్నపురి" అని ఉంటే మొదటి కాలమ్‌లో చెన్నపురి, రెండో దాంట్లో చెన్నై. మొదటిదాన్ని ఎప్పటికీ దిద్దవద్దు. ఏ పుస్తకం, ఏ పుట, ఏ రోజు చూశారు అన్నదానికి ఒక కాలమ్. అన్నిటికీ మించి, "ఎంత నమ్మకం" అని ఒక కాలమ్ ఉండాలి. కచ్చితంగా ఆ ఇల్లే అయితే 1, ఆ వీధి అని మాత్రమే తెలిస్తే 2, ఆ పేట అని మాత్రమే తెలిస్తే 3. పటం మీద ఈ మూడూ ఒకేలా కనబడకూడదు. నేను 1కి నిండు చుక్క, 2కి బోలు చుక్క పెడతాను, 3కి పేట మొత్తానికీ లేత రంగు వేస్తాను. పటంలో ప్రతి చుక్కా "ఇది ఇక్కడే జరిగింది" అని చేసే వాదన. మీ దగ్గర అంత ఆధారం లేకపోతే అంత గట్టిగా చెప్పే చుక్క పెట్టకూడదు.

తేదీలు ఇంకో తలనొప్పి. ఎక్సెల్ 1900కు ముందు తేదీలను తేదీలుగా గుర్తించదు. 1876 నాటి తేదీని మామూలు అక్షరాల్లాగే ఉంచేస్తుంది. అందుకే సంవత్సరం, నెల, రోజు మూడు వేరు కాలమ్‌లుగా, అంకెలుగా పెట్టండి. తెలుగు సంవత్సరాల పేర్లుంటే ఇంకా జాగ్రత్త. ఉగాదికి మొదలయ్యే సంవత్సరం రెండు ఇంగ్లిష్ సంవత్సరాల మీద పరుచుకుంటుంది. ధాత నామ సంవత్సరం అంటే 1876–77. మనవాళ్ళు ధాత కరువు అన్నదీ, తమిళులు తాదు వరుషం పంజం అన్నదీ ఆ పేరుతోనే. అదే ధాత అరవై ఏళ్ళ తర్వాత 1936లో మళ్ళీ వచ్చింది. పేరొక్కటే ఉంటే ఏ ధాతో తేల్చాకే అంకె వేయండి. తేలకపోతే ఖాళీగా వదిలి, కారణం పక్కన రాయండి.

పాత చిరునామాలు ఇప్పటి మ్యాపుల్లో దొరకడం లేదు. ఏం చేయాలి?

చెన్నైలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. మౌంట్ రోడ్డు అన్నా సాలై అయింది, పూనమల్లి హైరోడ్డు పెరియార్ ఈవీఆర్ సాలై అయింది, ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డు రాధాకృష్ణన్ సాలై అయింది. పోఫమ్స్ బ్రాడ్‌వేకి మన టంగుటూరి ప్రకాశం గారి పేరు పెట్టారు, ఇప్పుడది ప్రకాశం సాలై. మింట్ వీధి తంగసాలై. పైగా ఒక్కో ఇంటికి ఓల్డ్ నంబరు, న్యూ నంబరు అని రెండేసి ఉంటాయి. ఈ ఊళ్ళో కొరియర్ తీసుకున్నవాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. ఆన్‌లైన్‌లో చిరునామా ఇస్తే అక్షాంశ రేఖాంశాలు ఇచ్చే సేవలు 1890ల నాటి డోరు నంబరుకు ఈనాటి నంబరు ఇంటిని చూపించేస్తాయి. సందేహం ఉన్నట్టు ఒక్క మాట కూడా చెప్పవు.

అందుకే నేను మొదట ఒక స్థలనామాల పట్టిక కట్టుకోమంటాను. పాత పేరు, కొత్త పేరు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఎక్కడ చూశారు, అక్షాంశం, రేఖాంశం. వంద పేర్లు చేతితో వెతకడానికి మూడు, నాలుగు రోజులు పడుతుంది. ఆ తర్వాత మీ టేబుల్ ఎంత పెద్దదైనా ఈ పట్టికతో కలిపితే చాలు. వీలైతే ఆ వీధుల్లో నడవండి. జార్జిటౌన్‌లో గుడి, మసీదు, చర్చి గోడల మీద ఉండే శిలాఫలకాలు ఏ వెబ్‌సైటూ చెప్పని వీధి పేర్లు చెబుతాయి.

చుక్కలన్నీ సముద్రంలో పడ్డాయి!

అక్షాంశం, రేఖాంశం తారుమారయ్యాయి. చెన్నై 13.08 ఉత్తర అక్షాంశం, 80.27 తూర్పు రేఖాంశం. అవి అటూ ఇటూ అయితే చుక్కలు ఆర్కిటిక్ సముద్రంలో, స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర తేలతాయి. చుక్కలు ఆఫ్రికా పక్కన, గినీ సింధుశాఖలో పడితే గడులు ఖాళీగా ఉండి సున్నాలుగా మారాయన్నమాట. దూరాలు, విస్తీర్ణాలు కొలిచేటప్పుడు మాత్రం డిగ్రీల్లో కొలవకండి. చెన్నైకి యూటీఎం (భూమిని మండలాలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) 44 ఉత్తర మండలం, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఈపీఎస్‌జీ 32644 అన్న సంకేతం ఎంచుకుంటే మీటర్లలో వస్తుంది.

పాత పటాన్ని స్కాన్ చేసి ఇప్పటి పటం మీద కూర్చోబెట్టడం ఎలా?

దీన్ని జియోరిఫరెన్సింగ్ అంటారు. పాత పటంలోనూ ఇప్పుడూ మారకుండా ఉన్న స్థలాలను ఒక్కొక్కటిగా జత చేస్తారు. పటాలు వేసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో ఆ పని చేసే జియోరిఫరెన్సర్ ఉంది. నాలుగు బిందువులతో మొదలుపెట్టవచ్చు. నేను పది, పదిహేను పెట్టి, అవి పటం అంతటా పరుచుకునేలా చూస్తాను.

ఏ స్థలాలు ఎంచుకోవాలన్నదే ముఖ్యం. చెన్నైకి కోటలోని సెయింట్ మేరీస్ చర్చి మంచి బిందువు, అది 1680 నుంచి అక్కడే ఉంది. ఆర్మేనియన్ చర్చి, ఎగ్మూరు దగ్గరి సెయింట్ ఆండ్రూస్ కిర్క్, 1856లో తెరిచిన రాయపురం స్టేషను కూడా పనికొస్తాయి. తీరరేఖను మాత్రం ఎప్పుడూ వాడకండి. 19వ శతాబ్దం చివర్లో హార్బరు కట్టాక దక్షిణాన ఇసుక మేట వేసి మెరీనా బీచి వెడల్పయింది, ఉత్తరాన రాయపురం వైపు సముద్రం నేలను కోసేసింది. తీరాన్ని నమ్మి పటం కూర్చోబెడితే ఊరంతా పక్కకు జరుగుతుంది. మొదటిసారి నాకు అలాగే జరిగింది. ట్రిప్లికేన్ మొత్తం ఒక వీధి పక్కకు పోయింది, కారణం తెలుసుకోవడానికి వారం పట్టింది.

జనాభా లెక్కలను జిల్లాల వారీగా పోల్చుతున్నాను. ఏవైనా జాగ్రత్తలున్నాయా?

జిల్లా పేరు అదే ఉన్నా జిల్లా అదే కాకపోవచ్చు. నేను చూసిన థీసిస్ పటాల్లో ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరిగాయి.

చెన్నైతోనే చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో చెన్నై జిల్లా జనాభా 46.46 లక్షలు. అప్పటి జిల్లా విస్తీర్ణం సుమారు 175 చదరపు కిలోమీటర్లు. అదే ఏడాది కార్పొరేషన్ 155 వార్డుల నుంచి 200 వార్డులకు, 426 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. జిల్లా హద్దులు 2018లో దాన్ని అందుకున్నాయి. ఇప్పుడు దొరికే జిల్లా హద్దుల ఫైలు తెచ్చి, దాంట్లో 2011 జనాభా పోస్తే చదరపు కిలోమీటరుకు 11 వేలలోపు వస్తుంది. అసలు సంఖ్య 26,500 పైనే. లెక్క సరైనదే, హద్దు సరైనదే, రెండూ కలిస్తే తప్పు.

మన తెలుగు రాష్ట్రాల్లో చెప్పనే అక్కర్లేదు. 2011 లెక్కలు 23 జిల్లాల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వి. తెలంగాణలో 10 జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 కాస్తా 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. ఇంకా వెనక్కి వెళ్తే, 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి కాబట్టి 1981 తాలూకాను 1991 మండలంతో నేరుగా పోల్చలేం. తిరుత్తణి గురించి రాసేవాళ్ళు 1951 జనాభా లెక్కల్లో దాన్ని చిత్తూరు జిల్లాలో వెతకాలి. 1960లో అది మద్రాసు రాష్ట్రానికి వచ్చింది, ఇప్పుడు తిరువళ్ళూరు జిల్లాలో ఉంది.

మార్గం ఒకటే. వీలైనంత చిన్న యూనిట్‌కు దిగి, అంటే గ్రామం లేదా వార్డు దాకా వెళ్ళి, అక్కడి నుంచి మీకు కావలసిన హద్దుల్లోకి మళ్ళీ కూడుకుని రావాలి. ఓపిక కావాలి. అంత వీలు లేకపోతే చీలిన జిల్లాలన్నిటినీ పాత జిల్లాగా కలిపేసి పోల్చండి. వివరం తగ్గుతుంది కానీ అబద్ధం రాదు.

రంగుల పటంలో సంఖ్య వేయాలా, శాతం వేయాలా?

రంగు నింపే పటమైతే శాతం, లేదా తలకు ఇంత అన్న రేటు. సంఖ్యలు వేస్తే జనం ఎక్కువున్న జిల్లాలే ముదురుగా కనబడతాయి, మీ విషయం ఏదైనా అదే పటం వస్తుంది. సంఖ్యలే చూపాలంటే సంఖ్యకు తగ్గ సైజు వలయాలు పెట్టండి.

శాతం వేసినా అదేమిటో స్పష్టంగా రాయండి. 2011లో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పినవారు సుమారు 42 లక్షలు, 5.87 శాతం. ఇది జనాభా లెక్కలు రాసుకునే గణకుడు అడిగినప్పుడు చెప్పిన జవాబుల లెక్క. తరాలుగా ఇక్కడున్న కుటుంబం ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తమిళం అని చెప్పి ఉండవచ్చు, తెలుగు చదవడం రాకపోయినా తెలుగు అని చెప్పి ఉండవచ్చు. పటం కింద "తెలుగువాళ్ళు" అని కాకుండా "తెలుగును మాతృభాషగా నమోదు చేయించుకున్నవారు" అని రాయండి.

ఇంకో మాట. ఒక వార్డులో తెలుగు వాటా ఎక్కువ, అక్షరాస్యత తక్కువ అనుకోండి. అంతమాత్రాన ఆ వార్డులో చదువు రానివాళ్ళు తెలుగువాళ్ళే అని చెప్పలేం. ప్రాంతం గురించిన లెక్క నుంచి మనిషి గురించి తీర్పు చెప్పకూడదు. వైవాల్లో దీని మీదే ఎక్కువగా పట్టుకుంటారు.

ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?

పటాలకు క్యూజీఐఎస్. ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ఒకే పేరును పది రకాలుగా రాసిన టేబుళ్ళను శుభ్రం చేయడానికి ఓపెన్‌రిఫైన్, తొందరగా చార్టు కావాలంటే డేటారాపర్, ఎవరికి ఎవరితో సంబంధమో గీతలు కలిపి చూపే సంబంధాల వలలకు గెఫీ. అన్నీ ఒకేసారి మొదలుపెట్టి టెన్షన్ పడకండి. ఒక కాగితం, నాలుగు రంగు పెన్సిళ్ళతో మొదటి నమూనా గీయండి. 1900 పారిస్ ప్రదర్శన కోసం నల్లజాతి అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ.ఈ.బీ. డుబోయ్, ఆయన విద్యార్థులు నల్లజాతి అమెరికన్ల జీవితం మీద వేసిన చార్టులన్నీ చేత్తో వేసినవే. ఇవాళ్టికీ వాటి ముందు ఆగిపోతాం.

తెలుగు అక్షరాలు గజిబిజిగా వస్తున్నాయి.

మూడు కారణాలుంటాయి. పిచ్చి గుర్తులు కనిపిస్తే, సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన టేబుల్) ఎక్సెల్ యూటీఎఫ్-8గా, అంటే తెలుగు లాంటి అన్ని లిపులకూ సరిపోయే పద్ధతిలో, తెరవలేదన్నమాట. డబుల్ క్లిక్ చేయకుండా డేటా మెనూ నుంచి దిగుమతి చేసి యూటీఎఫ్-8 ఎంచుకోండి. డీటీపీ చేసినవాళ్ళ దగ్గర తెచ్చిన ఫైలైతే అది అను ఫాంట్లలో ఉండవచ్చు, యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక ఒకసారి కళ్ళతో చదవాలి. అక్షరాలు సరైనవే కానీ ఒత్తులు విడిపోయి పక్కన పడుతుంటే ఆ ప్రోగ్రాముకు తెలుగు అక్షరాలు కూర్చడం రాదు. పైతాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో చాలామందికి ఈ ఇబ్బంది వచ్చింది. క్యూజీఐఎస్‌లో నోటో సాన్స్ తెలుగు పెడితే నాకు బాగానే వస్తోంది.

నవలలో ఏ ఊరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి వర్డ్ క్లౌడ్ వేయనా?

లెక్కపెట్టండి, వర్డ్ క్లౌడ్ (ఎక్కువసార్లు వచ్చిన మాటను పెద్ద అక్షరాల్లో చూపే బొమ్మ) మాత్రం వద్దు. పొడుగు మాట పెద్దగా కనబడుతుంది, పరిమాణాలు పోల్చడానికి కంటికి ఆధారం ఉండదు. మామూలు అడ్డపట్టీల చార్టు చాలు.

లెక్కే తెలుగులో కష్టం. మద్రాసు, మద్రాసులో, మద్రాసుకు, మద్రాసునుంచి అన్నవి యంత్రానికి నాలుగు వేర్వేరు మాటలు. పైగా చెన్నపట్నం, చెన్నపురి, పట్నం కూడా అదే ఊరు. పట్నం మాత్రం ఏ పట్నమో సందర్భాన్ని బట్టి చూడాలి. పాత అచ్చు పుస్తకాలను ఓసీఆర్ చేస్తే, అంటే స్కాన్ చేసిన పుటలను యంత్రంతో అక్షరాలుగా మారిస్తే, అరసున్నలూ బండి ఱలూ తారుమారవుతాయి. రెండు వందల పుటల పుస్తకంలో పది పుటలు చేత్తో సరిచూసి, ఎన్ని తప్పులొచ్చాయో థీసిస్‌లో రాయండి. ఆ ఒక్క వాక్యం మీ మీద నమ్మకం పెంచుతుంది.

సంబంధాల వల వేస్తే నూలుండలా వచ్చింది.

అందరికీ అలాగే వస్తుంది. గీత అంటే ఏమిటో ముందు తేల్చుకోండి. ఉత్తరం రాయడమా, పీఠిక రాయడమా, పుస్తకం అంకితమివ్వడమా? మూడూ ఒకే గీత అయితే ఆ వల ఏమీ చెప్పదు. ఒక్కటి ఎంచుకుని, పదేళ్ళకొకటి చొప్పున చిన్న చిన్న వలలు పక్కపక్కన వేయండి.

పేదల బస్తీల గురించి పని చేస్తున్నాను. ఇళ్ళను చుక్కలుగా చూపించవచ్చా?

వద్దు. చార్లెస్ బూత్ 1889 నుంచి లండన్ వీధులకు సంపదను బట్టి రంగులు వేశాడు. గొప్ప శ్రమ, ఎందరికో దారి చూపిన పని. కానీ అట్టడుగున ఉన్నవాళ్ళ వీధులకు నల్లరంగు వేసి, పక్కన వాళ్ళు దుర్మార్గులు, సగం నేరస్థులు అని రాశాడు. ఆ వీధిలో పుట్టిన ప్రతి బిడ్డ మీదా ఆ మాట పడింది.

చెన్నై పారిశుధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వాళ్ళలో ఎవరు ఏ ఇంట్లో ఉంటారో, ఏ కులమో, ఎవరికి పట్టా లేదో తెలిసే పటం మీ థీసిస్‌లో అందంగా ఉండవచ్చు. రేపు ఖాళీ చేయించడానికి వచ్చేవాళ్ళకూ అది అంతే ఉపయోగపడుతుంది. మొదట్లో నేనూ ఇంటింటికీ చుక్క పెట్టిన పటం ఒకటి వేసి, సంతోషంగా తీసుకెళ్ళి చూపించాను. ఒక అమ్మ కాసేపు చూసి, "ఇది మా ఇల్లే గదా నాయనా, దీన్ని ఎవరెవరు చూస్తారు?" అని అడిగింది. ఆ రాత్రి ఆ ఫైలు తీసేశాను. ఇప్పుడు వీధి స్థాయికి, అదీ తగినన్ని ఇళ్ళుంటేనే, లేకపోతే వార్డు స్థాయికి కలిపి చూపిస్తాను. పేర్ల టేబుల్, పటం టేబుల్ వేర్వేరుగా, పాస్‌వర్డుతో ఉంటాయి.

ఏం చూపించాలో వాళ్ళనే అడగండి. కణ్ణగినగర్, సెమ్మంచేరి, పెరుంబాక్కం లాంటి పునరావాస కాలనీలకు వెళ్ళినవాళ్ళు కిలోమీటర్ల గురించి మాట్లాడరు. తెల్లవారుజామున డ్యూటీకి చేరడానికి ఎన్ని బస్సులు మారాలి, ఎంతసేపు పడుతుంది అని చెబుతారు. అలాంటప్పుడు దూరం బదులు ప్రయాణ సమయంతో పటం వేయాలి. దానికి ఉపగ్రహ చిత్రాలు పనికిరావు, బస్టాపులో నిలబడాలి.

మా గైడు "పటాలు వేయడం పరిశోధన కాదు" అంటున్నారు.

గౌరవంగా ఈ కథ చెప్పండి. 1802లో విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ దగ్గర సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖను గొలుసుతో కొలిచాడు. దేశాన్ని త్రిభుజాలుగా కొలిచిన పెద్ద సర్వే అక్కడే మొదలైంది. అదే కాలంలో కాలిన్ మెకంజీ నేలను కొలుస్తూనే ఊళ్ళ చరిత్రలను సేకరించాడు. ఆ సేకరణను నడిపించింది మన ఏలూరు వాళ్ళు, కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్ళు. కైఫీయతులు అనే ఆ ఊళ్ళ చరిత్రలు అలా వచ్చాయి. వాటిలో చాలా భాగం ఇప్పటికీ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. ఎక్కడ అన్నదీ, ఎవరు ఏం చెప్పారన్నదీ రెండు శతాబ్దాల క్రితమే కలిసి నడిచాయి. మీ గైడు అడుగుతున్నది నిజానికి "ఈ పటం లేకపోతే నీ వాదనలో ఏం పోతుంది?" అని అయి ఉండవచ్చు. దానికి మీ దగ్గర జవాబు ఉండాలి. లేకపోతే ఆ పటం తీసేయండి.

దేశ సరిహద్దుల విషయంలో ఏం చూసుకోవాలి?

భారతదేశ సరిహద్దు సర్వే ఆఫ్ ఇండియా పటంతో సరిపోవాలి. విదేశీ వెబ్‌సైట్ల ఫైళ్ళలో తరచుగా జమ్మూ కశ్మీర్ హద్దు వేరేలా ఉంటుంది, అలా అచ్చు వేస్తే ఇక్కడ చట్టపరమైన చిక్కు వస్తుంది. అందరూ కలిసి తయారు చేసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడితే వాళ్ళ పేరు పటం మీద తప్పక వేయాలి.

పని అయిపోయింది. ఫైళ్ళు ఎలా దాచాలి?

టేబుల్‌ను సీఎస్‌వీగా, పటాన్ని జియోప్యాకేజీ అనే పటాల ఫైలుగా, బొమ్మను పీడీఎఫ్‌గా. ప్రతి కాలమ్ అంటే ఏమిటో తెలుగులో ఒక పుట రాసి అదే ఫోల్డరులో పెట్టండి. ఒక కాపీ ల్యాప్‌టాప్‌లో, ఒకటి హార్డ్ డిస్కులో, ఒకటి ఇంకో ఊళ్ళో ఉన్న మనిషి దగ్గర. 2015 డిసెంబరు వరదల్లో ఈ ఊళ్ళో కింది అంతస్తుల్లోకి నీళ్ళొచ్చినప్పుడు నా స్నేహితుడొకడి ల్యాప్‌టాపూ డిస్కూ రెండూ ఒకే బీరువాలో ఉన్నాయి.